అమ్మ ఇష్టమా, నాన్న ఇష్టమా?

మన ఇళ్ళల్లో మాటలొచ్చిన ప్రతి పిల్లాణ్ణీ ఎవరో ఒకరు ఒళ్ళో కూచోబెట్టుకుని ఒక ప్రశ్న అడుగుతారు. "నీకు అమ్మ ఇష్టమా, నాన్న ఇష్టమా?" వాడు ఏం చెప్పినా నవ్వుతారు. రెండోవాళ్ళు ఉత్తుత్తి ఏడుపు ఏడుస్తారు. వాడు కంగారుపడి మాట మారుస్తాడు. మళ్ళీ నవ్వుతారు. నేనూ చాలామంది పిల్లల్ని అడిగాను. మా అక్క కొడుకుని అదే ప్రశ్న కోర్టులో అడగబోతున్నారని తెలిసేదాకా అది ఆటే అనుకున్నాను.

మా అక్కా బావా విడిపోయారు. విడిపోవడంలో ఇద్దరికీ పేచీ లేదు. పేచీ అంతా పిల్లాడు ఎవరి దగ్గరుండాలన్నదాని మీదే. అక్క వాణ్ణి తీసుకుని దొనకొండలో ఉన్న మా నాన్న దగ్గరికి వచ్చేసింది. వాడికప్పుడు తొమ్మిదేళ్ళు. వాయిదాకి ముందు లాయరు "పిల్లాణ్ణి కాస్త సిద్ధం చెయ్యండి" అన్నాడు. మామంటే వాడికి చనువని ఆ పని నాకు అప్పజెప్పారు. సాయంత్రం స్టేషన్ వైపు నడిపించుకెళ్ళాను. మీటర్ గేజ్ రోజుల్లో ఇక్కడ లోకో షెడ్డు ఉండేదని, బొగ్గింజన్ల కూతలతో ఊరు నిద్రలేచేదని తాత వాడికి కథలు చెప్తుంటాడు. ప్లాట్‌ఫారం మీద బెంచీలో కూచుని ఎన్ని వంకర్లు తిరిగి ఆ విషయానికొచ్చానో గుర్తులేదు. వాడు కాసేపు పట్టాల వైపు చూసి, "ఏం చెప్పాలో చెప్పు మామా, చెప్తా" అన్నాడు.

నేను చెప్పాను. వాడు వెళ్ళి అదే చెప్పాడు. మేం గెలిచాం.

చట్టాన్ని తిట్టి తప్పించుకోవడానికి లేదు. తెలిసి ఇష్టాయిష్టాలు చెప్పగల వయసొచ్చిన పిల్లల అభిప్రాయాన్ని కోర్టు పరిగణించవచ్చు అంటుంది 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం. పరిగణించవచ్చు అంటుంది, అంతే. అదే తీర్పు అనదు. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ఐదేళ్ళలోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరుండాలంటూనే, అన్నిటికన్నా ముఖ్యం పిల్లల క్షేమం అంటుంది. వాడి ఒక్క మాట మీద మొత్తం బరువు పెట్టింది మేమే. ఒప్పందం మీద విడిపోయే పెద్దవాళ్ళకి హిందూ వివాహ చట్టం మరోసారి ఆలోచించుకోమని ఆరు నెలలిస్తుంది. ఆ గడువు అక్కర్లేని చోట కోర్టు తీసెయ్యొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది, అది వేరే సంగతి. మేం పిల్లాడికి ఇచ్చింది ఒక్క సాయంత్రం.

అస్ఘర్ ఫర్హాదీ 2011లో తీసిన 'ఎ సెపరేషన్' చివర్లో, ఎవరితో ఉంటావని జడ్జి పదకొండేళ్ళ అమ్మాయిని అడుగుతాడు. నిర్ణయించుకున్నానంటుంది. అమ్మానాన్నల్ని బయటికి పంపిస్తారు. వాళ్ళు కారిడార్లో ఎదురుచూస్తుండగా సినిమా అయిపోతుంది. జవాబు మనకి చెప్పరు. మొదటిసారి చూసినప్పుడు దర్శకుడి గడుసుదనం అనుకున్నా. ఇప్పుడు అది మర్యాద అనిపిస్తోంది.

ఇడ్లీ కావాలా, దోసె కావాలా అని అడిగితే, వద్దన్న ఇడ్లీ బాధపడదు. ఇక్కడ వద్దనిపించుకున్న మనిషి ఎదురుగా నిలబడి ఉంటాడు, ఆ తర్వాత కూడా ఫోన్లు చేస్తూ ఉంటాడు. విడాకులు తీసుకున్నది పెద్దవాళ్ళే అయినా, నాన్నని పంపేసింది తనే అన్నట్టు పిల్లాడికి మిగిలిపోతుంది.

అయితే పిల్లల్ని అసలు అడక్కూడదా? పాత పద్ధతి అదే. పెద్దమనుషులు కూచుని తేల్చేవాళ్ళు, పిల్లలు సామాన్లతోపాటు బండెక్కేవాళ్ళు. అదీ అన్యాయమే. తమకి సంబంధించిన విషయాల్లో పిల్లలకి అభిప్రాయం చెప్పే హక్కుందని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక అంటుంది. మన దేశం 1992లో దానికి ఒప్పుకుంది. ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఇంకోటుంది. తలుపులేసుకున్నాక ఆ ఇంట్లో ఎవరు కొడుతున్నారో పిల్లాడికి తప్ప ఇంకెవరికీ తెలియకపోవచ్చు. అడక్కపోతే వాడు అక్కడే ఉండిపోతాడు.

నాకు తోచింది ఇది. పిల్లాణ్ణి సాక్ష్యం అడగొచ్చు, తీర్పు అడక్కూడదు. రాత్రి అన్నం ఎవరు పెడతారు, ఎవరంటే భయం, ఏ స్నేహితుణ్ణి వదిలి రాలేవు, నాన్న ఎన్నాళ్ళకోసారి రావాలి. వీటికి జవాబులు వాడి దగ్గరే ఉన్నాయి, ఓపిగ్గా వినాలి. అవన్నీ విన్నాక ఎక్కడుండాలో పెద్దవాళ్ళు చెప్పాలి. పదిహేనేళ్ళ పిల్లాడి మాటకి తొమ్మిదేళ్ళవాడి మాటకన్నా ఎక్కువ విలువివ్వాలి, నిజమే. కానీ ఎంత వయసువాడికైనా "ఇది మేం నిర్ణయించాం, నువ్వు కాదు" అని తేల్చి చెప్పాలి. కావాలంటే మమ్మల్ని తిట్టుకోనివ్వాలి.

ఆ చెప్పడం కూడా ఎదురుగా కూచుని చెప్పాలి. 2014లో రాజధాని దొనకొండకే వస్తుందన్నారు. బ్రిటిష్ కాలపు విమానాల రన్‌వే కూడా ఉంది కదా అన్నారు. పొలాల రేట్లు లేచాయి. రాజధాని రాలేదు. రాలేదన్న సంగతి మా నాన్న పేపర్లో చదువుకున్నాడు. "రాకపోతే పాయె, ఒక మాట చెప్పొద్దా?" అంటాడు ఇప్పటికీ. ఒక ఊరికే అంత ఉక్రోషం ఉంటే, తొమ్మిదేళ్ళ పిల్లాడికి ఎంతుండాలి?

బావ అప్పుడప్పుడూ ఆదివారం గుంటూరు వైపు నుంచి రైల్లో వస్తాడు. సాయంత్రం దాకా వాడితో ఉండి వెళ్తాడు. వాడు ఇంట్లోకొస్తూనే, ఎవరూ అడక్కముందే "ఏం బాగలేదు" అంటాడు. చొక్కా జేబులో చాక్లెట్ కాగితాలు దొరుకుతాయి. ఆ బెంచీ మీద నేను నేర్పిన పాఠం ఇంకా మర్చిపోలేదన్నమాట.

పోయినసారి ఊరెళ్ళినప్పుడు వాణ్ణి మళ్ళీ అక్కడికే తీసుకెళ్ళాను. ఇప్పుడు పదకొండేళ్ళు. "ఆ రోజు నువ్వు చెప్పింది నీ మాట కాదురా, నా మాట. తప్పు నాది" అన్నాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగాడు.

"నాన్నకి తెలుసా?"

"తెలీదు."

"నువ్వే చెప్పు మరి."

వచ్చే ఆదివారం బావ వస్తున్నాడు. శనివారం రాత్రికి నేనూ దొనకొండలో ఉంటాను.