తిరిగి అమ్మితే ఎంత?

బందరు పక్కన చిలకలపూడి రోల్డ్ గోల్డ్ గొలుసు కొనేవాళ్లు, తిరిగి అమ్మితే ఎంత వస్తుందని అడగరు. గుడివాడ బజారులో బంగారం కొనేవాళ్లు ముందు అదే అడుగుతారు. మెడలో రెండూ ఒకేలా మెరుస్తాయి. తేడా అల్లా, రేపు ఇంకొకరు ఎంత ఇస్తారన్న దానిలోనే. మరి జ్ఞాపకానికీ ఇలాగే ధర కట్టవచ్చా?

అమెరికాలో జ్ఞాపకార్థం చేసే తుపాకులని ఒక సరుకు ఉంది. వించెస్టర్ కంపెనీ తన నూరేళ్ల గుర్తుగా 1966లో చేసినవి లక్షకు పైనే. అన్ని చేస్తే అరుదు ఎలా అవుతుంది? సేకరించేవాళ్లు చూసేవి ముఖ్యంగా మూడు: ఎన్ని చేశారు, పెట్టె, కాగితాలు ఉన్నాయా, ఒక్కసారైనా పేల్చారా. పేల్చితే ధర పడిపోతుంది. 1983లో వించెస్టర్ పేరుతోనే క్రేజీ హార్స్ తుపాకులు దాదాపు 20,000 వచ్చాయి. క్రేజీ హార్స్ లకోటా తెగ నాయకుడు. తన నేల కోసం అమెరికా సైన్యంతో పోరాడాడు. లొంగిపోయాక 1877లో సైనికుడి బాయినెట్ పోటుకు చనిపోయాడు. ఆ తుపాకీ ధరలో ఆ చావు లెక్కకు రాదు. గీత పడిందా లేదా అన్నది లెక్కకు వస్తుంది.

ఇప్పుడు మన మన్యం చూడండి. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు, ఆయన వెంట నడిచిన గిరిజనులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల నుంచి తుపాకులు పట్టుకెళ్లారు. తీసుకున్నవాటి లెక్క రాసి మరీ వెళ్లారని చరిత్ర చెబుతుంది. దొంగ లెక్క రాసి పోడు కదా!

అలాంటి తుపాకీ ఒకటి నేడు బయటపడిందనుకుందాం. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. పేలింది కనుకే దానికి విలువ. ఆ విలువ ఎవరు తెచ్చారు? ప్రాణమిచ్చిన గాం గంటందొర, అండమాన్ శిక్ష అనుభవించి 1952లో లోక్‌సభకు వెళ్లిన గాం మల్లుదొర, పేరు తెలియని ఎందరో. ఆ ధరను ఒక్కడు జేబులో వేసుకోవచ్చా? చట్టం కొంత జవాబు చెప్పింది. 1972 చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన ఇలాంటి చారిత్రక వస్తువు పురావస్తువు. లైసెన్సు లేకుండా దాని వ్యాపారం చేయకూడదు, సొంతంగా దేశం దాటించకూడదు. తుపాకీ కనుక ఆయుధాల చట్టమూ ఉంది.

చట్టం చెప్పని సంగతి ఇంకొకటుంది. తుపాకీకి రెండు కొసలు. పిడి పట్టుకున్నవాడికి అది గర్వం, గొట్టం ముందు నిలబడినవాడికి భయం. 1911 నేరస్థ తెగల చట్టం కింద ఎరుకలవాళ్లు పోలీసులకు హాజరు వేయించుకున్నారు. ఆనాటి పోలీసు తుపాకీని వేలంలో చూసేవాడు దాని పాలిష్ చూస్తాడు. ఎరుకల ముసలమ్మ చూస్తే ఏం చూస్తుంది?

ఆకలితో ఉన్నవాడికి ఈ మాటలెందుకని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత దివిసీమలో సర్వం పోయినవాడు, మిగిలిన తాతల నాటి బిందె అమ్మి బియ్యం తెచ్చుకుంటే తప్పనగలమా? అనలేం. తప్పు అమ్మినవాడిది కాదు. కథ తెలిసీ దాచి చౌకగా కొని, అదే కథ చెప్పి పదింతలకు అమ్ముకునేవాడిది. వస్తువు ఒకరిది కావచ్చు. కథ మాత్రం దాన్ని బతికిన వాళ్లందరిదీ. దాన్ని ఒక్కరు అమ్మలేరు.

మన యానాదుల ఎలుక బుట్టను ఏ వేలందారూ అడగడు. తిరిగి అమ్మితే ఏమీ రాదు. అయినా డెల్టా వరి చేలను ఎలుకల నుంచి కాచింది అదే, ఎన్నో పొయ్యిలు వెలిగించింది అదే. టీచర్లకు ఒక మనవి. పిల్లల చేత ఇంట్లోని ఒక పాత పనిముట్టు గురించి రాయించండి. ఎవరు అల్లారు, ఎలా వాడారు, ఏ కాలంలో పక్కన పెట్టారు అని. ముసలివాళ్లు ఉండగానే రాయించండి. కొనేవాడు వచ్చే రోజుకు ఆ కథ మన నోట్‌బుక్కుల్లో ఉండాలి.