ఎవరి గొప్ప వాళ్ల నోటితోనే

చిట్టితల్లీ,

నువ్వు దిద్దుతున్న జిల్లా పేజీలు చూస్తున్నాను. శీర్షికలు బిగువుగా వస్తున్నాయి, సంతోషం. ఒక్క విషయంలో మాత్రం నీ చెయ్యి కాస్త దురుసుగా ఉంది. పెదనాన్న చాదస్తం అనుకోకుండా విను.

ఒకే పేజీలో ఇద్దరు నాయకులు. ఇద్దరూ తమ హయాంలో వేసిన రోడ్ల గురించే మాట్లాడారు. ఒకాయన ‘వెల్లడించారు’. రెండో ఆయన ‘గొప్పలు చెప్పుకొచ్చారు’. ఎవరు ఎన్ని రోడ్లు వేశారో వార్తలో ఎక్కడా లేదు. మరి చదివినవాడికి తెలిసిందేమిటి? మీ పత్రికకు ఎవరంటే గిట్టదో అది! మన భాషలో ఈ తేడా ఎంత సన్నంగా ఉంటుందో చూడు. ‘చెప్పారు’ అంటే ఏ గొడవా లేదు. ‘చెప్పుకున్నారు’ అనగానే సొంత డబ్బా వినిపిస్తుంది. ‘చెప్పుకొచ్చారు’ అన్నావా, పక్కన నిలబడి నువ్వు మూతి విరిచినట్టే. సంపాదకీయం రాసే రోజున ఎంతైనా విరుచుకో, కాదనను. వార్తకు ‘అన్నారు’ చాలు. ఆ మాట పదిసార్లు వచ్చినా పాఠకుడు విసుక్కోడు, అసలు గమనించడు. విసుగంతా డెస్కులో కూర్చున్న మనకే.

‘మంత్రి లేని గొప్ప చెబితే ఊరుకోమంటావా?’ అంటావు. ఊరుకోవద్దు. ఆయన చెప్పింది రాసి, దాని పక్కనే శాఖ లెక్క వెయ్యి. ‘ప్రగల్భాలు పలికారు’ అని నువ్వు అనక్కర్లేదు, చదివినవాడే అంటాడు.

నాకు ఇంతకంటే బాధ కలిగించేది ఇంకొకటుంది. వాళ్ల గొప్పను మనం నెత్తిన పెట్టుకోవడం. ప్రెస్‌నోట్‌లో ‘దేశంలోనే తొలిసారి’ అని ఉంటుంది. ఎవరన్నారో ఎగిరిపోయి అది మన మాటగా అచ్చవుతుంది. ‘ఆసియాలోనే అతిపెద్ద’ అనకుండా గుంటూరు మిర్చి యార్డు పేరు రాయడానికి చెయ్యి రాదు. నిజమే కావచ్చు. ఏ లెక్కన అని అడిగేవాళ్లే లేరు.

అంబేడ్కర్ విగ్రహాల సంగతి చూడు. హైదరాబాద్‌లో 2023 ఏప్రిల్ 14న ఆవిష్కరించిన విగ్రహం 125 అడుగులు. విజయవాడలో 2024 జనవరి 19న ఆవిష్కరించిందీ 125 అడుగులే. అక్కడ పీఠం 50 అడుగులు, ఇక్కడ 81. పీఠంతో కలిపితే అది 175, ఇది 206. ఇంతే విషయం. ఈ అంకెలు వరసగా రాస్తే ఏది ఎత్తో, ఎంత మేర ఎత్తో పాఠకుడే తేల్చుకుంటాడు. అంకెలు ఎగ్గొట్టి ‘అత్యంత ఎత్తైన’ అని రాస్తే మాత్రం ఆవిష్కరణ సభలో మైకు పట్టుకున్నవాడికీ నీకూ తేడా ఉండదు.

కాళేశ్వరానిదీ ఇదే కథ. 2019 జూన్ 21న ప్రారంభమైనప్పుడు ‘ప్రపంచంలోనే అతిపెద్ద బహుళ దశల ఎత్తిపోతల పథకం’ అన్నది అప్పటి ప్రభుత్వం మాట. దాన్ని ప్రభుత్వం మాటగానే రాసినవాళ్లకు, 2023 అక్టోబరులో ఆ పథకంలోని మేడిగడ్డ బ్యారేజీ పియర్లు కుంగిన రోజున స్వరం మార్చుకోవాల్సిన పని పడలేదు.

అలాగని గొప్ప కనిపించగానే కత్తెర తియ్యకు. రామప్ప గుడికి 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. తెలంగాణకు అదే మొదటిది. ధైర్యంగా ‘మొదటిది’ అని రాయి, ఎవరి నోటా పెట్టక్కర్లేదు.

రేపు ప్రెస్‌నోట్ పంపినవాళ్లు ఫోన్ చేసి, ‘తొలిసారి’ ఎందుకు తీసేశారమ్మా అని నిలదీస్తే బెదరకు. రుజువు పంపమని మర్యాదగా అడుగు. పంపితే మర్నాడు వేద్దువుగాని.