తుడిచేసిన ఉత్తరం

వికారాబాదులో మావారి ఆఫీసు సర్వరు డిస్కు నిండిపోయిందని మొన్న పెద్దది తెప్పించారు. ఒక టెరాబైటుది పోయి నాలుగు టెరాబైట్లది. నా నవలలూ అందులోనే ఉంటాయి గనుక నేనూ వెళ్లి కూర్చున్నాను.

"అన్నీ ఎక్కుతాయా బాబూ?"

"మొదటి గడి నుంచి చివరి గడి దాకా మేడమ్. తుడిచేసినవీ వస్తాయి."

తుడవడమంటే ఆ చోటు ఖాళీ అని పట్టీలో రాసుకోవడమేనట. పైన మరొకటి పడేదాకా అడుగున రాత అలాగే ఉంటుందట!

గుండె గతుక్కుమంది. అక్కయ్యకు కోపంగా రాసి, పంపకుండా తుడిచేసిన ఉత్తరం ఒకటుంది. అది తుడిచేశాను గనుక క్షమించేశాననుకున్నాను. ఏటా కార్తీకంలో ఇద్దరం అనంతగిరి కొండెక్కి పద్మనాభస్వామిని చూసి, నవ్వుకుంటూ దిగుతాం. ఆ నవ్వు అబద్ధమంటే ఒప్పుకోను. పంపకుండా ఆగిన చేతికి కొంత పుణ్యం రావాల్సిందే. కానీ నేను చేసిందీ పట్టీలో రాసుకోవడమేనేమో!

ఎక్కించడం అయ్యాక చూస్తే కొత్త డిస్కూ ఒక టెరాబైటే చూపిస్తోంది. పాత హద్దు కూడా వచ్చేసిందట. జరిపితేగాని మిగతా మూడూ వాడుకోలేరట.

"మరి పాతదాన్నేం చేస్తారు?"

"బీరువాలో పెడతాం. ఎందుకైనా మంచిది."

సాయంత్రం అక్కయ్యకు ఫోను చేశాను. ఉత్తరం సంగతి మాత్రం ఎత్తలేదు.