తిరిగివచ్చు విద్య

విద్యాదానము దానములన్నిటిలో గొప్పదని మన పెద్దలు చెప్పుచు వచ్చిరి. ఆ మాటలోని యౌదార్యమును నేను కాదనను. కాని దానమను పదమునందే యొక చిక్కు గలదు. దానమున నిచ్చువాని చేయి మీదను, పుచ్చుకొనువాని చేయి క్రిందను ఉండును. విద్యావిషయమున ఈ మీదిచేయి, క్రిందిచేయి తగునా? తగదేని, నేర్చినవాడు నేర్వనివానియొద్దకు ఏ భావముతో పోవలయును? ఒక చిన్న యుదాహరణమును పట్టుకొని యీ ప్రశ్నను విచారింతము.

పాఠకులు ఒక దృశ్యమును మనస్సున నిలుపుకొందురు గాక. విజయవాడలో చదువుకొనుచున్న నలుగురైదుగురు యువతీయువకులు ఒక శనివారమునాడు బస్సెక్కి దివిసీమలోని యొక పల్లెబడికి పోయినారు. ఆఱవ తరగతి పిల్లలకు గుండెను గూర్చి చెప్పవలయునని వారి సంకల్పము. మాంసపు దుకాణమున కొని, శుభ్రముగా కడిగిన మేకగుండె యొకటి పళ్లెములో నున్నది. పిల్లలలో కొందఱు ముక్కు మూసికొని వెనుకకు జరిగిరి. కొందఱు త్రోసికొని ముందునకు వచ్చిరి. ఒక విద్యార్థిని గుండెను నిలువుగా కోసి నాలుగు గదులను చూపినది. మనుష్యుని గుండెయందును ఇట్లే నాలుగు గదులుండునని చెప్పినది. ఎడమవైపు క్రిందిగది గోడ యేల అంత మందముగా నున్నదో పిల్లలనే యూహింపుమన్నది. దేహమంతటికి రక్తమును నెట్టవలసినది ఆ గదియే కదా! గదుల నడుమ పలుచని పొరలవంటి కవాటములను వ్రేలితో కదల్చి, ఇవి యొకవైపునకే తెఱచుకొనునని చూపినది. పిదప పిల్లలందఱును మణికట్టుపై వ్రేళ్లుంచి తమ నాడిని తామే లెక్కించుకొనిరి. ఆడుబిడ్డదైనను మగబిడ్డదైనను, ఏ కులమువారి బిడ్డదైనను, నాడి యొకే తీరున కొట్టుకొనుచున్నది. దీనికి వేఱుగా ఉపన్యాస మక్కఱలేదు.

ఆ యూరి పిల్లలకు నీటిపారుదల పుట్టుకతో వచ్చిన విద్య. 1855లో పూర్తియైన ఆనకట్టవలనను, తరువాత దానికి బదులుగా 1957లో వెలసిన ప్రకాశం బారేజివలనను కాలువలకెక్కిన కృష్ణానీరే వారి బ్రతుకు. కావున "గుండె మన బారేజి వంటిది, రక్తనాళములు కాలువల వంటివి" అని చెప్పినచో వారు వెంటనే గ్రహింతురు. కాని అప్పుడే యొక పిల్లవాడు లేచి, "మా చేలోకి వచ్చిన నీళ్లు పైరు తాగుతుంది. మిగిలినవి మురుగుకాలవలో పడి సముద్రానికి పోతాయి. మరి రక్తం ఎక్కడికి పోతుందక్కా?" అని యడిగెననుకొందము.

ఇది చిన్న ప్రశ్న కాదు. గ్రీసుదేశపు అరిస్టాటిల్ రక్తనాళములను తోటలోని నీటికాలువలతోనే పోల్చెను. క్రీ.శ. రెండవ శతాబ్దమునందలి గాలెన్ అను వైద్యుడు రక్తము కాలేయమున పుట్టి, అవయవములకు ప్రవహించి, అక్కడనే వ్యయమై పోవునని బోధించెను. ఐరోపా పండితులలో పెక్కుమంది పదునాలుగు వందల యేండ్లకు పైగా ఆ మాటనే నమ్మిరి. 1628లో ఆంగ్లవైద్యుడు విలియం హార్వే దానిని ఖండించుటకు ఉపయోగించిన సాధనములలో నొకటి సామాన్యమైన గుణకారము. నేటి లెక్కలతోనే దానిని వేసి చూడుడు. పెద్దవారి గుండె ఒక్క స్పందనమునకు సుమారు 70 మిల్లీలీటర్ల రక్తమును పంపును. నిమిషమునకు 72 స్పందనములైనచో 5 లీటర్లు. గంటకు 300 లీటర్లు. దేహమందున్న రక్తమంతయు సుమారు 5 లీటర్లే. గంటకు 300 లీటర్ల రక్తమును కాలేయము క్రొత్తగా పుట్టింపగలదా? అందుకు చాలిన యన్న మెవ్వడు తినగలడు? కావున పోయిన రక్తమే తిరిగివచ్చుచుండవలయును. ధమనులనుండి సిరలకు అది పోవు సన్నని త్రోవలను హార్వే చూడలేదు; 1661లో ఇటలీదేశీయుడు మాల్పీగీ సూక్ష్మదర్శినితో కప్ప యూపిరితిత్తులలో వానిని చూచెను. పై గుణకారమును ఆఱవ తరగతి బిడ్డ నల్లబల్లపై తానే వేయగలడు. వేసినచో, ఆ జ్ఞానము ఎవరో యిచ్చినది కాదు, తాను సంపాదించుకొన్నది.

ఇక నా ప్రశ్నకు వచ్చెదను. పల్లెకు విద్యను తీసికొనిపోవు మనకును గాలెన్ పొరపాటే కలుగుచున్నది. విద్య నగరమున పుట్టుననియు, కాలువనీటివలె పల్లెకు పాఱుననియు, అక్కడనే యింకిపోవుననియు తలంచుచున్నాము. మరల వచ్చున దేదియు లేదనుకొనుటచేతనే దానిని దానమనుచున్నాము. కాని ఆ పిల్లవాని ప్రశ్న యేమి చేసినదో చూడుడు. ఆ విద్యార్థిని పరీక్షకై గుండె పటమును పదిసార్లు గీసినది. బాణపు గుర్తులను వల్లించినది. రక్తము తిరిగివచ్చునని మనుష్యులకు ఎట్లు తెలిసినదని ఆమె నెవ్వరును అడుగలేదు. ఆమెయు తన్ను తాను అడుగుకొనలేదు. వేఱొక పిల్ల "గుండెకు నిద్ర లేదా అక్కా?" అన్నచో ఆమె మరల చిక్కునపడును. సెకనును పది భాగములు చేసినచో ఒక స్పందనమునకు సుమారు ఎనిమిది భాగములు పట్టును. అందు క్రిందిగదులు మూడు భాగములు ముడుచుకొని, ఐదు భాగములు సడలియుండును. పనిలోనే గుండెకు విశ్రాంతి. ఈ సంగతి పుస్తకమున నున్నదే. కాని పల్లెబిడ్డ యడుగువఱకు ఆమెకు అది సంగతిగా తోపలేదు. తెలియనిచోట "నాకు తెలియదు, తెలిసికొని మరల వచ్చి చెప్పెదను" అని పిల్లల యెదుట ఒప్పుకొనుట అన్నిటికంటె కష్టమైన పాఠము. ఆ పాఠమును ఆమెకు నేర్పినది పల్లెయే.

మన డెల్టాకు ఇది క్రొత్త త్రోవ కాదు. కృష్ణామండలపు పెనుగంచిప్రోలున జన్మించిన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు 1906లో విజ్ఞానచంద్రికామండలి స్థాపనకు పూనుకొని శాస్త్రమును తెలుగున పలికించిరి. 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణా పశ్చిమడెల్టా కాలువపై పడవలో గ్రంథాలయమును నడిపించిరి. 1988లో ఏర్పడిన జనవిజ్ఞానవేదికవారు చెకుముకి పత్రికద్వారా శాస్త్రమును బడిపిల్లలకు చేర్చుచున్నారు. వీనిలో పడవ గ్రంథాలయము నా మనస్సున మిక్కిలి నాటుకొన్నది. కాలువనీరు ఒకవైపునకే పోవును; పడవ మాత్రము పోయి మరల వచ్చును. పుస్తకమిచ్చిన పడవ ఆ పుస్తకమునకై తిరిగి రావలసినదే!

"పల్లెపిల్లలకు గుండె కవాటములతో పనియేమి? అక్షరములు సరిగా వచ్చిన చాలదా?" అని కొందఱనవచ్చును. వారికి నా ప్రత్యుత్తర మిది. స్ట్రెప్టోకాకస్ అను సూక్ష్మజీవివలన కలుగు గొంతునొప్పిని ఉపేక్షించినచో, కొందఱు బిడ్డలకు రెండుమూడు వారములలో జ్వరమును, కీళ్ల వాపును కలుగును. దీనిని రుమాటిక్ జ్వరమందురు. 5 మొదలు 15 ఏండ్ల ప్రాయమువారికే యిది యెక్కువ. కీళ్ల వాపు తగ్గిపోవును. కాని గుండె కవాటములు శాశ్వతముగా చెడవచ్చును. సకాలమున వైద్యుడిచ్చు పెన్సిలిన్ ఈ కీడును చాలవఱకు తప్పింపగలదు. కవాటమును కన్నులార చూచిన బిడ్డ, తమ్ముని గొంతునొప్పి తగ్గనప్పుడు "ఆసుపత్రికి తీసుకొని పోదామమ్మా" అని తల్లితో అనగలదు. ఆ యొక్క మాటకొఱకైనను ఆ పాఠము చెప్పదగినదే.

గుండె కేవలము కండరమని నేర్పినచో బిడ్డల హృదయములలో దయ సన్నగిలునని వేఱొక శంక. గుండెకోత, గుండెనిబ్బరము అను మాటలు హార్వే పుట్టిన పిమ్మటను చెడలేదు. తన రొమ్ములో వలెనే పొరుగుబిడ్డ రొమ్ములోను అదే యంత్రము రేయింబవళ్లు శ్రమపడుచున్నదని యెఱిగిన బిడ్డకు దయ హెచ్చునే కాని తగ్గదు.

నాకున్న నిజమైన భయము వేఱు. ఒక్కనాడు పోయి, గుండెను కోసి చూపి, ఛాయాచిత్రములు తీయించుకొని, మరల ఆ యూరి ముఖము చూడని సేవను గూర్చి నేను భయపడుచున్నాను. ఒక్కనాడు నీరు వదలి కట్టివేసిన కాలువక్రింద విత్తనము మొలకెత్తి యెండును. విత్తకున్నను అంత నష్టము లేదు. కావున విద్యార్థులారా, మీరెంతమందికి చెప్పితిరని నేనడుగను. ఆ పల్లెనుండి ఏ ప్రశ్నను వెంట తెచ్చుకొంటిరి? దానికి సమాధానముతో మరల ఎప్పుడు పోయెదరు? పోయిన రక్తము తిరిగిరానినాడు గుండెకు పంపుటకేమియు మిగులదు. విద్యకును అంతే.