బడికి సర్కారు సొమ్ము తగునా?

చదువుడి: ఎజ్రా 8:21-23, నెహెమ్యా 2:7-9, 5:14-18

సంఘము నడుపు బడికి సర్కారు గ్రాంటు పుచ్చుకొనుట తగునా? ఇది పాత ప్రశ్న. 1854లో చార్లెస్ వుడ్డు దొర పంపిన విద్యా తాకీదుతో ఈ దేశమున ప్రైవేటు బడులకు గ్రాంటు పద్ధతి ఏర్పడెను. ఊరిబడి గడప త్రొక్కనియ్యని బిడ్డలకు మిషనులు అక్షరములు నేర్పిన కాలములో ఆ సొమ్ము ఎంతో అక్కరకు వచ్చెను.

కొందరు ఎజ్రాను చూపుదురు. దేవుని కాపుదలనుగూర్చి రాజు ఎదుట సాక్ష్యమిచ్చిన ఎజ్రా, దారిలో కావలికి రౌతులనడుగుటకు సిగ్గుపడెను. మరికొందరు నెహెమ్యాను చూపుదురు. ఆయన అదే రాజునడిగి అడవి కలపకు తాకీదు పొందెను. రౌతులను సహా వెంటబెట్టుకొని వచ్చెను. ఇద్దరును ప్రార్థనాపరులే. కావున పుచ్చుకొనుటయే పాపమనలేము, మానుటయే భక్తియనలేము. అయితే ఒక సంగతి గమనించుడి. పట్టణపు గుమ్మములకు రాజు కలప తీసికొనిన నెహెమ్యా, జనులమీద భారము ఎక్కువగా ఉన్నందున, అధిపతిగా తనకు రావలసిన భత్యమును పండ్రెండేండ్లు ముట్టలేదు. పనికొరకు తీసికొనెను, పొట్టకొరకు కాదు.

సర్కారు సొమ్ము ఎవరిది? చిలమకూరు చుట్టుపట్ల నాపరాళ్ల గనిలో కూలిచేయు తల్లి సబ్బుబిళ్ల కొనినను అందులో పన్ను ఉన్నది. ఆ పైకము ఆమె బిడ్డ చదువుకు తిరిగివచ్చుట బిచ్చము కాదు, న్యాయము. అయితే గ్రాంటు తీసికొని ఆ బిడ్డనే గడప బయట నిలిపిన బడి, లేక ఉద్యోగమునకు వెలకట్టిన కమిటీ, బీదరాలి కొంగుముడి విప్పుకొనినట్లే.

మన రాజ్యాంగము ఈ విషయమున న్యాయముగా పలుకుచున్నది. అల్పసంఖ్యాకుల బడియని గ్రాంటులో భేదము చూపరాదు. గ్రాంటు తీసికొనిన బడి కులమునుబట్టిగాని మతమునుబట్టిగాని ఏ బిడ్డను త్రోసివేయరాదు. పెద్దల సమ్మతి లేక చిన్నబిడ్డను మతబోధకు కూర్చుండబెట్టరాదు. ఇది మనకు నష్టమా? బలవంతపు ప్రార్థన దేవుని చెవికెక్కునా? మన ప్రేమయే అక్కడ మన బోధ.

ఇక 2021 సంగతి మరువవద్దు. ఆ ఏట ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎయిడెడ్ సంస్థలను, ఆస్తులతో సహా అప్పగించుడి, లేదా ఎయిడెడ్ ఉపాధ్యాయులను వదలుకొని సొంతముగా నడుపుకొనుడి అని కోరెను. తల్లిదండ్రులు, విద్యార్థులు వీధికెక్కిరి. నవంబరులో, మునుపటివలెనే ఎయిడెడుగా కొనసాగుటకును వీలిచ్చెను. సర్కారు చేయి ఇచ్చును, ఒకనాడు ముడుచుకొనును.

సహోదరీ సహోదరులారా, గ్రాంటు వచ్చినచో కృతజ్ఞతతో తీసికొని, పైసకు పైస లెక్క చెప్పుదము. కాని మన పిడికెడు బియ్యపు కుండ ఎండనియ్యకుందము. జీతములు సర్కారు ఇచ్చినను, బడి కప్పు కారిన దినమున మనమే నిచ్చెన ఎక్కవలెను. మీ సంఘ కూటములో ఈ ఒక్క ప్రశ్న అడుగుడి: రేపు గ్రాంటు ఆగినయెడల, మన బడిలో మొదట ఏ బిడ్డ చదువు ఆగును? ఆ బిడ్డకొరకు ఈ దినమే కొంత ప్రత్యేకించి ఉంచుడి. ప్రభువు మీ చేతిపనిని దీవించును గాక.