దొర్కా సూదియు, "రేపు రండి" అను మాటయు

ధ్యాన భాగములు: అపొ. కార్యములు 9:36-42, సామెతలు 3:27, 28



ముమ్మిడివరము వంటి మన కోనసీమ ఊళ్లలో వీధి అరుగుమీద ఒక కుట్టుమిషను, గోడకు వ్రేలాడు నాలుగు జాకెట్లు, మెడలో టేపు వేసికొనిన ఒక సహోదరి కనబడుట మనకు క్రొత్త కాదు. ఆ చిన్న దుకాణము వెనుక ఒక కుటుంబము నిలిచియున్నది. మన కోనసీమ తల్లులలో అనేకులు పిల్లలను అమ్మమ్మల చేతులలో పెట్టి కువైట్ మొదలగు దేశములకు ఇంటిపనికై వెళ్లుచున్నారు. వెళ్లినవారిని మనము తప్పుపట్టరాదు. ఆకలి వారిని పంపినది. అయితే ఒక కుట్టుమిషను నమ్మకముగా నడచినయెడల ఒక తల్లి తన బిడ్డలయొద్దనే యుండగలదు. కాబట్టి ఈ పనినిగూర్చి దేవుని వాక్యము ఏమి చెప్పుచున్నదో ఈ మాసము ధ్యానింతము.

మొదటిది: ఈ పని దేవుని యెదుట ఘనమైనది.

యొప్పే సముద్రపు రేవు పట్టణము. అక్కడ దొర్కా అను శిష్యురాలు చనిపోగా, పేతురు వచ్చినప్పుడు విధవరాండ్రు ఏడ్చుచు ఆమె కుట్టిన అంగీలను, వస్త్రములను అతనికి చూపిరి. ఆమె ప్రసంగించినట్లు గాని, పెద్ద కానుకలు ఇచ్చినట్లు గాని వ్రాయబడలేదు. ఆమెనుగూర్చి సాక్ష్యమిచ్చినవి ఆ కుట్లే. ఆమె దుకాణము పెట్టెనని లేఖనము చెప్పదు. ఆమె ధర్మము చేసినది. అయితే సామెతలు 31వ అధ్యాయములోని గుణవతి నారబట్టలు చేయించి అమ్ముచున్నది. పౌలు కొరింథులో అకుల ప్రిస్కిల్లలతో కూడ డేరాలు కుట్టి జీవించెను. కాబట్టి కుట్టి ఇచ్చుటయు, కుట్టి అమ్ముటయు రెండును భక్తికి తగినవే. అమ్మునప్పుడు న్యాయముగా అమ్మవలెను, అంతే.

రెండవది: లోపలి కుట్టును దేవుడు చూచుచున్నాడు.

జాకెట్టుకు వేయు నూలు లైనింగును ముందుగా నీటిలో నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, తరువాత కత్తిరించవలెనని కుట్టువారందరికి తెలియును. అట్లు చేయనియెడల మొదటి ఉతుకులోనే లైనింగు ముడుచుకొని, పైబట్ట ముడతలు పడి, జాకెట్టు బిగిసిపోవును. మన ప్రభువు మార్కు 2:21లో పాత బట్టకు ముడుగని క్రొత్త గుడ్డ మాసిక వేయువానిని గూర్చి చెప్పినప్పుడు, ఈ ముడుచుకొను గుణమునే ఉపమానముగా తీసికొనెను. నానబెట్టుటకు ఒక పూట ఆలస్యమగును. నానబెట్టకపోయినను దుకాణములో ఎవరికిని తెలియదు; ఉతికిన తరువాతనే తెలియును. అప్పటికి డబ్బు చేతికి వచ్చియుండును.

అట్లే బడిపిల్లల గౌనుకు అంచు మడత ఎక్కువగా ఉంచినయెడల, బిడ్డ ఎదిగినప్పుడు విప్పి మరి ఒక సంవత్సరము తొడుగవచ్చును. ప్రక్కల లోపల కొంత బట్ట విడిచినయెడల వదులు చేయవచ్చును. ఆ మడత ప్రేమకు గురుతు. పొడుగు కొలతలలోను న్యాయము తప్పరాదని లేవీయకాండము 19:35లో దేవుడు ఆజ్ఞాపించెను. రెండు మీటర్లు చాలినచోట రెండున్నర తెమ్మని చెప్పి మిగిలిన ముక్కను దాచుకొనుట చిన్న విషయముగా తోచవచ్చును. ఆ ముక్క ఇచ్చినవారిది. వారు వద్దన్నయెడల తీసికొనవచ్చును; అడుగకుండ తీసికొనరాదు.

మూడవది: "రేపు రండి" అను మాట.

కుట్టు దుకాణములో విశ్వాసి సాక్ష్యము ఎక్కువగా చెడునది దొంగతనమువలన కాదు, ఈ మాటవలననే. "కాజాలే మిగిలాయండి, రేపు వచ్చేయండి" అని చెప్పుదుము. నిజమునకు బట్ట ఇంకను కత్తిరింపబడలేదు. ఆ స్త్రీ కాట్రేనికోన నుండి బస్సు ఛార్జీ పెట్టుకొని వచ్చినది, ఆ పూట కూలి మానుకొని వచ్చినది. మనము సులువుగా పలికిన "రేపు" ఆమెకు ఒకనాటి అన్నము. సామెతలు 3వ అధ్యాయము, ఇయ్యవలసినది చేతిలో నుండగా పొరుగువానిని రేపటికి త్రిప్పి పంపవద్దని మనలను హెచ్చరించుచున్నది. చేతిలో లేనిదానిని రేపటికి సిద్ధమని చెప్పుట మరింత తప్పు గదా? మన మాట అవునంటే అవును, కాదంటే కాదు అయి యుండవలెనని ప్రభువు చెప్పిన ఉపదేశము గుడిలో మాత్రమే కాదు, మిషను దగ్గరను చెల్లును.

క్రిస్మసు మాసములో ఈ శోధన అధికమగును. కాబట్టి ఒక లెక్క చూడుడి. పండుగకు 20 దినములున్నవనుకొందము. 3 ఆదివారములు తీసివేయగా 17 దినములు. నీ చేయి దినమునకు 4 జాకెట్లు కుట్టగలిగినయెడల మొత్తము 68. కరెంటు పోవు వేళలకును, జ్వరము వచ్చు దినమునకును కొంత విడిచినయెడల 60. అరువది పుస్తకములో వ్రాసికొనిన తరువాత వచ్చినవారితో, "ఈ పండుగకు కుదరదమ్మా, నూతన సంవత్సరమునకు ఇస్తాను" అని చెప్పుటకు ధైర్యము కావలెను. ఆనాడు ఒక బేరము పోవచ్చును గాని, నీ మాట నిలుచును. మాట నిలిచిన దుకాణమునకు జనులు మరల వత్తురు.

ఇంకొక మాట. రద్దీలో ఎవరి బట్ట వెనుకకు పోవును? ఎక్కువ కూలి ఇచ్చు పట్టుజాకెట్టు ముందుకు వచ్చును. విధవరాలు తెచ్చిన పిల్లవాని చొక్కా అడుగున పడును. పండుగనాడు క్రొత్త బట్ట లేని బిడ్డ గుడి గుమ్మమునొద్ద నిలిచి లోపలికి రాక సిగ్గుపడును. దొర్కా ఎవరికొరకు కుట్టెనో జ్ఞాపకము చేసికొనుడి. ముందు వచ్చినవారి బట్ట ముందు కుట్టుడి. బీదవారిది అడుగున పడనియ్యకుడి.

నాలుగవది: చేతిపని చేయువారి కూలి.

హుక్కులు కుట్టుటకు, కాజాలు వేయుటకు, ఫాల్ కుట్టుటకు మనము ప్రక్కింటి స్త్రీలకు పని ఇచ్చుచున్నాము. ఈ విషయములో మన గోదావరి డెల్టాలోనే ఒక పాఠము గలదు. 19వ శతాబ్దమున మిషనరీలు ఈ ప్రాంతపు స్త్రీలకు లేసు అల్లిక నేర్పిరి. నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో వేలకొలది స్త్రీలు క్రోషియా సూదితో అల్లిన లేసు సముద్రములు దాటి వెళ్లెను. 2024లో నరసాపురపు లేసుకు భౌగోళిక సూచిక గుర్తింపును లభించెను. ఇది సంతోషకరమే. అయితే మరియా మీస్ అను జర్మను పరిశోధకురాలు 1982లో ప్రచురించిన గ్రంథములో మరియొక సంగతి చూపెను. ఇంటిపని ముగించి గంటలకొలది అల్లుచున్న స్త్రీలను పనివారిగా ఎంచక, తీరికవేళ కాలక్షేపము చేయువారిగా ఎంచి, అత్యల్పమైన కూలి ఇచ్చిరి. లాభము వర్తకులకు పోయెను. భక్తిగల చేతులు నేర్పిన మంచి విద్యయు, కూలి న్యాయము లేనిచోట దోపిడికి సాధనమాయెను.

"ఇంట్లో ఖాళీగానే ఉంది గదా" అని చెప్పి తక్కువ ఇచ్చుట మన దుకాణములోను జరుగవచ్చును. ప్రొద్దు గ్రుంకకమునుపే కూలి ఇయ్యవలెనని ద్వితీయోపదేశకాండము 24:15 ఆజ్ఞాపించుచున్నది. బిగపట్టిన కూలి దేవుని చెవులలో మొఱ్ఱపెట్టునని యాకోబు 5:4 వలన తెలియుచున్నది. ఆ మొఱ్ఱ మిషను చప్పుడులో మనకు వినబడకపోవచ్చును, ఆయనకు వినబడును.

చివరిగా, కుట్టించుకొను సంఘస్థులారా, మీకును ఒక మాట. "మన సంఘపు అమ్మాయే గదా, తరువాత ఇద్దాము" అని కుట్టుకూలి నెలలకొలది బాకీ పెట్టువారు మనలో లేరా? ఆమె దారము, లైనింగు, హుక్కులు రొక్కమిచ్చి కొన్నది. మిషనుకు అప్పు తీర్చవలెను. పండుగకు రెండు దినముల ముందు బట్ట తెచ్చి "ఎలాగైనా కుట్టి పెట్టమ్మా" అని బ్రతిమాలుట ఆమెను అబద్ధమునకు నెట్టుటయే. బట్ట ముందుగా తెండి, కూలి వెంటనే ఇయ్యుడి. "సహోదరి" అను పిలుపు ఆమె కష్టము తగ్గించుటకు గాని, ఆమె కూలి తగ్గించుటకు కాదు.

హన్నా ప్రతి సంవత్సరము బాలుడైన సమూయేలుకు చిన్న అంగీ కుట్టి తీసికొని వెళ్లెను. బిడ్డ ఎంత ఎదిగెనో కన్నులార చూడకయే, ప్రార్థనతో కొలత వేసి కుట్టియుండును. తొడుగుకొనువారిని అట్లు తలంచి కుట్టు చేయి ధన్యమైనది. మన సహోదరీలు ఈ మాసము మూడు పనులు చేయుదురు గాక: ఇయ్యగల దినమునే పుస్తకములో వ్రాయుట, చేతిపని కూలి ఆ దినమే ఇచ్చుట, నెలకు ఒక వస్త్రమైనను కూలి లేకుండ బీద బిడ్డకు కుట్టుట.

ప్రార్థన: ప్రభువా, మా చేతుల పనిని స్థిరపరచుము. మా కొలతలలో న్యాయమును, మా మాటలో సత్యమును ఉంచుము. సూదితో బ్రదుకు ప్రతి తల్లిని ఆమె బిడ్డల నడుమ పోషించుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.