వంటశాల పని నీచమా?

నీచత్వము పనియందుఁ గలదా, పనిని విధించువారి మనస్సునందుఁ గలదా? ఈ ప్రశ్నను మేము పాఠకుల యెదుట నుంచుచున్నాము.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున అమెరికా సైన్యములో సిపాయిలు వంతులవారిగా వంటశాలకుఁ బోయి ఉర్లగడ్డలు చెక్కు తీయుట, పాత్రలు తోముట, నేల కడుగుట మొదలగు పనులు చేయుచుండిరి. చిన్న తప్పిదములకు శిక్షగాఁ గూడ నీ పనియే విధింపఁబడుచుండెను. వంతుగా వచ్చిన నది ధర్మము. శిక్షగా వచ్చిన నదియే యవమానము. పని మాత్రము మాఱలేదు.

జాతినిబట్టి విధించుట యంతకంటె ఘోరము. ఆ దేశపు నౌకాసేన 1932 మొదలు 1942 వఱకుఁ గ్రొత్తగాఁ జేరు నల్లవారిని భోజనశాల సేవకులుగా మాత్రమే తీసికొనెను. అట్టివారిలో నొకఁడగు డోరిస్ మిల్లరు 1941 డిసెంబరు 7వ తేదీని పెరల్ హార్బరులో, గాయపడిన కప్తానును మోయుటకుఁ దోడ్పడి, తనకు నేర్పని మరతుపాకిని శత్రువిమానములపైఁ బ్రయోగించెను. 1942లో నతనికి నేవీ క్రాస్ పతక మీయఁబడెను. ఎంగిలి పళ్ళెములెత్తు చేతులకు శౌర్యము లేదని యెవరు చెప్పఁగలరు?

ఇది పరదేశపు దోషమని మనము సంతసింపఁదగదు. వండిన బ్రాహ్మణుని గౌరవించి, ఆ యన్నము తిన్న కంచమును తోముదానిని గడప వెలుపల నిలుపువారు మనలో లేరా? కావున శిక్షింపఁదగినది మన గర్వమే. ఈశ్వరుని బిడ్డల కన్నము పెట్టు పనిలో నుచ్చనీచములు లేవు. ఎవరి కంచమును వారే కడిగికొనుటతో నీ సంస్కరణ మారంభమగుఁ గాక!